రక్షక తంత్రము

'ఆడలేక మద్దెల ఓడు' అను సామెత విన్నచో మద్దెల వాయించువాడు నొచ్చుకొనునేమో గాని, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మెచ్చుకొనును. ఆడలేననుట భరింపరాని నిజము. మద్దెలది లోపమనుట కొంత ఊరట. మనస్సు మొదటిదానిని మరుగుపరచి రెండవదానిని పట్టుకొనును. దీనిని హేతుకీకరణమందురు. 1908లో ఎర్నెస్ట్ జోన్స్ దీనికి ఈ అర్థమున ఆంగ్లములో పేరు పెట్టెను. ఇట్టివానినన్నిటిని కలిపి రక్షక తంత్రములందురు. 1936లో ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్ వీనిని గూర్చి ఒక గ్రంథమే వ్రాసినది.

తంత్రమనగానే మోసమని తోచును. పొరపాటు అక్కడనే కలదు. తెలిసి ఆడునది అబద్ధము. ఇది నడపువానికే తెలియక నడచునది.

పెద్దముడియము నల్లరేగడిలో శనగ వేసిన రైతునొకనిని ఊహింతము. వానలు లేక పైరు పోయినది. బ్యాంకునుండి నోటీసు వచ్చినది. విప్పకయే చూరులో దోపెను. ఇల్లాలు అడిగినచో, "యాదో పాత కాయితంలే, రేపు సూద్దాం" అనెను. ఆ రాత్రి కంటినిండ నిద్రపోయెను. ఆ ఒక్క రాత్రి నిద్రను నేను తప్పుపట్టజాలను. దెబ్బతిన్న మనస్సునకు కొంత వ్యవధి కావలయును. తెల్లవారి విప్పి చదివినచో తంత్రము మేలే చేసినట్లు. కాని రెండవ నోటీసు, మూడవ నోటీసు చూరునకే చేరి, తపాలా అతని పిలుపు వినగానే అతడు పెరటిదారి పట్టునప్పుడు, అది విషమయోజనము. ప్రభుత్వము కరవు ప్రకటించిన మండలములలో పంటఋణముల గడువు పొడిగించు ఏర్పాటు బ్యాంకులకు కలదు. దానిని అడుగుటకైనను ముందు ఆ కాగితము విప్పవలయును గదా!

ఇక ఈ పదమును వాడుటలో ఒక జాగ్రత్త. నాలుగు పుస్తకములు చదివినవారికి ఇది ఎదుటివానిపై విసరుటకు మంచి రాయిగా దొరకినది. రచ్చబండ మీద ఆ రైతును నిలబెట్టి "నీవు తప్పించుకొనుచున్నావు" అన్నచో అతని మనస్సు మరింత లోతున దాగుకొనును. ఏ భయమునకు వెరచి తలుపు మూసెనో, ఆ భయమునే మనము పెంచినవారమగుదుము. దిగులు మితిమీరి నిద్రాహారములు మానినవాడైనచో, 2022లో నెలకొల్పిన టెలీ మానస్ సేవకు, 14416 నంబరునకు, ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

ఇంటివారు చేయదగినది ఇంతకన్న చిన్నది. భోజనములైన పిమ్మట ఇల్లాలు చూరునుండి ఆ కాగితములు దించి, దుమ్ము దులిపి, అతని ప్రక్కనే కూర్చుండి, బడికి పోవు బిడ్డచేత మొదటిదానిని చదివింపవచ్చును.