విమాన కంపెనీలు చేసే సాయం: ఆ డబ్బు ఎవరిది?

ఈరోజు మన టాపిక్ విమాన కంపెనీలు చేసే సేవా కార్యక్రమాలు. స్కూల్ పిల్లల పక్కన విమాన సిబ్బంది నవ్వుతూ నిలబడ్డ ఫోటోలు, "ఇంతమంది పిల్లల్ని చదివిస్తున్నాం" అనే పోస్టులు మీ ఫీడ్‌లో చూసే ఉంటారు. కొందరు వెంటనే లైక్ కొడతారు. ఇంకొందరు "అంతా పబ్లిసిటీ రా బాబూ" అని స్క్రోల్ చేసేస్తారు. ఏది చేసినా సరే, దానికి ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది?

ఈ ప్రశ్న ఎందుకంటే, ఆ సాయం వచ్చే ఏడాది కూడా ఉంటుందా లేదా అన్నది దాన్నిబట్టే ఉంటుంది. ఆరో తరగతిలో మొదలైన సాయం ఎనిమిదో తరగతిలో ఆగిపోతే ఆ పిల్ల ఏం కావాలి? అసలు విషయం అది.

విమాన కంపెనీల సాయం ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది, ప్రయాణికుల డబ్బు. విదేశం నుంచి వచ్చేవాళ్ల జేబులో చివరికి కొంత చిల్లర మిగులుతుంది. నోట్లయితే మార్చుకోవచ్చు. నాణేలను మాత్రం మామూలుగా మనీ ఎక్స్ఛేంజ్ వాళ్లు తీసుకోరు. గల్ఫ్ నుంచి శంషాబాద్‌లో దిగే మనవాళ్ల ఇళ్లలో, ఏదో ఒక డబ్బాలో, దిర్హమ్, రియాల్ బిళ్లలు అలా పడి ఉండటం చూస్తూనే ఉంటాం. ఒక్కరి దగ్గర అది చిల్లరే. లక్షల మంది దగ్గర కలిపితే?

ఈ ఆలోచనతోనే 1987లో యూనిసెఫ్ "చేంజ్ ఫర్ గుడ్" అనే కార్యక్రమం మొదలుపెట్టింది. విమానంలో సిబ్బంది ఒక కవరు ఇస్తారు, మిగిలిన చిల్లర అందులో వేసి తిరిగి ఇచ్చేయాలి, అంతే. క్వాంటాస్, క్యాథే పసిఫిక్, ఏర్ లింగస్ లాంటి కంపెనీలు ఇందులో చేరాయి. ఇలా ఇప్పటిదాకా 10 కోట్ల డాలర్లకు పైగానే పోగయింది. టీకాలకి, మంచినీళ్లకి, చదువుకి ఆ డబ్బు వెళ్తుంది.

గొప్ప ఐడియా, సందేహం లేదు. కానీ ఒకటి గమనించండి. ఇందులో ఇచ్చింది ప్రయాణికులు. కంపెనీ ఇచ్చింది కవరు, సిబ్బంది శ్రమ, ఎనౌన్స్‌మెంట్. అది కూడా విలువైనదే, అది లేకపోతే ఆ చిల్లర డబ్బాల్లోనే ఉండిపోయేది. కాకపోతే "మా కంపెనీ ఇన్ని కోట్లు ఇచ్చింది" అనేదానికీ, "మా ప్రయాణికులు ఇన్ని కోట్లు ఇచ్చారు" అనేదానికీ తేడా ఉంది కదా!

ఈ దారిలో ఇంకో చిక్కు ఉంది. విమానం ఎగిరితేనే కవరు తిరుగుతుంది. మన దేశంలో జెట్ ఎయిర్‌వేస్ "మ్యాజిక్ బాక్స్" పేరుతో విమానాల్లో విరాళాలు సేకరించి, పిల్లల కోసం పనిచేసే సేవ్ ద చిల్డ్రన్ ఇండియాకి ఇచ్చేది. 2019 ఏప్రిల్ 17న జెట్ విమానాలు ఆగిపోయాయి. విమానమే లేనప్పుడు అందులో బాక్స్ ఎక్కడ తిరుగుతుంది?

ఇక రెండోది, చట్టం ప్రకారం ఇచ్చే డబ్బు. మన దేశంలో 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీకి ఇది వర్తిస్తుంది. గడిచిన 3 ఏళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. దీన్నే మనం సీఎస్ఆర్ అంటాం. చదువు కూడా ఆ పనుల జాబితాలో ఉంది. సొంత ఉద్యోగులకి మాత్రమే ఉపయోగపడే పనులు, పార్టీలకిచ్చే చందాలు ఇందులోకి రావు.

అయితే ఇక్కడ "లాభం" అనే మాట దగ్గర ఆగండి. విమాన వ్యాపారంలో లాభం ఎండాకాలం చెరువు లాంటిది, ఎప్పుడు ఎండుతుందో తెలీదు. ఇంధనం రేటు పెరిగినా, డాలర్ పెరిగినా, కరోనా లాంటిది వచ్చినా అంతా తలకిందులే. మన దేశంలో అతి పెద్ద విమాన కంపెనీ ఇండిగోనే తీసుకోండి. 2021-22లో 6,000 కోట్లకు పైగా నష్టం. అదే కంపెనీకి 2023-24లో 8,000 కోట్లకు పైగా లాభం. మధ్యలో గ్యాప్ రెండేళ్లే!

3 ఏళ్ల సగటు నష్టంలో ఉంటే, చట్టం ప్రకారం తప్పనిసరిగా ఇవ్వాల్సింది సున్నా. కంపెనీ కావాలనుకుంటే ఇవ్వొచ్చు, కానీ ఇవ్వాలని ఎవరూ బలవంతం చేయలేరు. మరి కరోనా టైంలో ఏమైంది? విమాన కంపెనీలు నష్టాల్లో కూరుకుపోయిన ఆ రోజుల్లోనే స్కూళ్లు మూతబడ్డాయి, ఫోన్ లేని పిల్లలు క్లాసులకి దూరమయ్యారు. అంటే పిల్లలకి సాయం ఎక్కువ అవసరమైన టైంలోనే 2 శాతం లెక్క కిందికి పడిపోతుంది. ఇది ఎవరి మోసమూ కాదు, లెక్క ఉన్న తీరే అంత.

మూడో దారి నాకు అన్నిటికంటే నచ్చుతుంది. విమాన కంపెనీ దగ్గర మాత్రమే ఉన్నది ఇవ్వడం. అంటే విమానంలో ఖాళీ చోటు, సీట్లు, పని తెలిసిన మనుషులు.

2021 మేలో, సెకండ్ వేవ్‌లో మనవాళ్లు ఆక్సిజన్ కోసం అల్లాడుతున్నప్పుడు, ఎమిరేట్స్ దుబాయ్ నుంచి మన దేశంలోని 9 నగరాలకి సహాయ సామగ్రిని ఉచితంగా తెస్తామని ప్రకటించింది. అందులో హైదరాబాద్ కూడా ఉంది. ఎలాగూ వచ్చే విమానం, అందులో ఉన్న చోటు. ఆ టైంలో ఆ చోటుకి ఉన్న విలువ చెక్కు రాసిస్తే వచ్చేది కాదు.

ఫ్రాన్స్‌లో ఇంకో ఉదాహరణ ఉంది. 1980లో ఎయిర్ ఫ్రాన్స్ పైలట్లు కొందరు కలిసి "ఏవియేషన్ సాన్ ఫ్రాంతియేర్" అనే సంస్థ పెట్టారు. తమ దేశంలో ఆపరేషన్ చేయించుకునే వీల్లేని పిల్లల్ని, తల్లిదండ్రులు వెంట రాలేనప్పుడు, ఈ సంస్థ వలంటీర్లు మామూలు విమానాల్లో పక్కన కూర్చుని యూరప్‌కి తీసుకెళ్తారు. నయమయ్యాక మళ్లీ ఇంటి దగ్గర దించుతారు. విమాన ప్రయాణం బాగా తెలిసినవాళ్లకే చేతనయ్యే సేవ ఇది.

అలాగని ఫోన్ పెట్టి ఫోటో దిగిన ప్రతి కంపెనీనీ తిట్టమని నేను చెప్పట్లేదు. ఏ దారిలో వచ్చిన రూపాయైనా పిల్లకి పుస్తకం కొనిపెడితే మంచిదే. కానీ చదువు ఒక్క రోజు పని కాదు, పదేళ్ల పని. దానికి ఆగకుండా వచ్చే డబ్బు కావాలి. కాబట్టి లాభాలు బాగా వచ్చిన ఏడాది కొంత పక్కన పెట్టి, "ఈ పిల్లలు పది పాసయ్యేదాకా మాదే బాధ్యత" అని చెప్పే కంపెనీకే నా లైక్.

మీరేం చేయొచ్చు? చేతిలో ఫోన్ ఉందిగా. కంపెనీలు తమ సీఎస్ఆర్ పాలసీని, బోర్డు ఒప్పుకున్న ప్రాజెక్టుల్ని వెబ్‌సైట్లో పెట్టాలని రూల్ ఉంది. కేంద్ర ప్రభుత్వ నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఏ కంపెనీ ఎంత, ఏ రాష్ట్రంలో ఖర్చు పెట్టిందో కూడా కనిపిస్తుంది. ఈసారి అలాంటి పోస్ట్ కనబడితే మూడు విషయాలు చూడండి. డబ్బు కంపెనీదా, ప్రయాణికులదా? ఎన్నేళ్ల ప్రాజెక్ట్? ఏ జిల్లాలో? మీ ఊరి స్కూల్‌కి సాయం అడగాలన్నా ఈ సమాచారమే పనికొస్తుంది. ఎందుకంటే, కంపెనీ పనిచేసే చోటికి, ఆ చుట్టుపక్కలకి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మీ దగ్గర్లో ఎయిర్‌పోర్ట్ ఉందా? అయితే అడగడానికి మీకో కారణం ఉన్నట్టే.

మీ ఊళ్లో ఏదైనా కంపెనీ స్కూల్‌కి సాయం చేసిందా? అది ఇంకా నడుస్తోందా, మధ్యలో ఆగిందా? కామెంట్లో రాయండి, నేను తప్పకుండా చదువుతాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు, ఉంటాను!