వెర్లాక్ కొట్లో సిరా బుడ్డి

జోసెఫ్ కాన్రాడ్ ‘ది సీక్రెట్ ఏజెంట్’ పేరెత్తగానే, గ్రీనిచ్‌లో అబ్జర్వేటరీని పేల్చేసిన కథ కదా అంటారు. కాదండీ! అబ్జర్వేటరీకి ఏమీ కాలేదు. 1894 ఫిబ్రవరి 15న నిజంగా జరిగినప్పుడూ కాలేదు, 1907 నాటి నవలలోనూ కాలేదు. ఆనాడు పార్కులో మార్షల్ బూర్దాన్ అనే ఫ్రెంచి దర్జీ చేతిలో బాంబు పేలి అతనే పోయాడు. నవలలో పోయింది స్టీవీ. బుద్ధి ఎదగని కుర్రాడు, ఎవరు బాధపడుతున్నా చూసి తట్టుకోలేనివాడు. అతను అక్కడికెలా వెళ్లాడో తెలియాలంటే సోహోలో అతని బావ కొట్టుకి రావాలి.

అడాల్ఫ్ వెర్లాక్ కొట్టది. పగుళ్లిచ్చిన గంట, అద్దాల వెనక బట్టలు సరిగా లేని నాట్యగత్తెల ఫోటోలు, మూతి అంటించిన కవర్లు. యజమాని ఒక విదేశీ రాయబార కార్యాలయానికి గూఢచారి. గల్లా దగ్గర భార్య విన్నీ కనబడిందా, కుర్రకారుకి నోరు పెగలదు. ఆరు పెన్నీల సిరా బుడ్డిని షిల్లింగున్నరకి కొని, బయటికెళ్లి కాలవలో పారేస్తారు. గుడ్డల మీద పేర్లు రాసుకునే సిరా, ఉతికినా పోదు.

అందరూ నవ్వి పేజీ తిప్పేసేది ఇక్కడే. ఆగండి, దయచేసి! తమ్ముడు దారి తప్పుతాడని విన్నీ అతని కోటు లోపల గుడ్డముక్క కుట్టింది. దాని మీద ఇంటి చిరునామా రాసింది ఆ రకం సిరాతోనే. ఒళ్లు తునాతునకలైనా ఆ అక్షరాలు చెక్కుచెదరలేదు. ఇన్‌స్పెక్టర్ హీట్ ఆ ముక్క తెచ్చి అడిగితే, ఏం జరిగిందో తెలియని ఆవిడ, రాసింది నేనేనని చెప్పేసింది. బాంబు గురించి గంటలకొద్దీ మాట్లాడే విమర్శకులు ఈ సిరా దగ్గర ఒక్క నిమిషం ఆగరు!

పైగా విన్నీది రాతి గుండె అంటారు. ఎంత అన్యాయం! ఆమె మనసిచ్చింది మాంసం కొట్టువాడి కొడుక్కి. అతనికి ఆమె తల్లినీ తమ్ముణ్ణీ పోషించే స్తోమత లేదు. వెర్లాక్ ముగ్గురికీ నీడనిచ్చాడు. ఏడేళ్లు కాపురం చేసింది తమ్ముడి కోసమే. అల్లుడికి భారం తగ్గితే కొడుక్కి చోటు నిలుస్తుందని తల్లి పేద వితంతువుల ధర్మశాలకు వెళ్లిపోయింది. స్టీవీని కూడా వెంట తీసుకెళ్లమని మొగుడి వెంటపడింది విన్నీయే. ఇద్దరూ తండ్రీకొడుకుల్లా నడిచి వెళ్తుంటే మురిసిపోయింది. తీసుకెళ్లినవాడు పిల్లాడి చేతికి బాంబిచ్చాడు.

అది తెలిశాక విన్నీ మొగుణ్ణి పొడిచేసింది. కూరలు కోసే కత్తితో కాదు, మాంసం కోసే కత్తితో. ఆ ఘట్టం మీరే చదవాలి. వెర్లాక్ స్నేహితుడు ఆసిపాన్ ఆమె డబ్బు కాజేసి రైలు దిగిపోవడం, ఆమె ఓడ మీంచి దూకడం కూడా. హిచ్‌కాక్ 1936లో తీసిన ‘సబోటాజ్’ చూసి ఇదే కథ అనుకోవద్దు. అక్కడ కొట్టు సినిమా హాలయింది, విన్నీని ఆదుకోవడానికి ఒక డిటెక్టివ్ ఉన్నాడు. నవలలో ఆమెకు ఆ దిక్కు కూడా లేదు.