వేసవి చుట్టములు – కొండనీరు

వేసవి సెలవులు వచ్చినవి. బడులకు తాళములు పడినవి. ఊరూర అటకలమీది పెట్టెలు క్రిందికి దిగినవి. ఒకవైపు సముద్రము, ఒకవైపు కొండలు గల మా విశాఖపట్టణమున నివసించువారికి ఈ ఋతువున చుట్టములకు కొదువలేదు. బెజవాడ, గుంటూరు, రెంటచింతల ఎండలకు వేగిన బంధువులకు మా ఊరు గుర్తునకు వచ్చు కాలమిదియే. చుట్టములను ఆదరించుట, వారికి ఊరు చూపుట, కొండకు గొనిపోవుట – ఈ మూడింటిని గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

మొట్టమొదట ఒక మాటకు అర్థము తేల్చుకొందము. ఇంటికి వచ్చిన ప్రతివానిని మనము అతిథి యనుచున్నాము. అతిథి యనగా తిథినియమము లేనివాడు. మనుస్మృతి ఒక్కరాత్రి మాత్రమే నిలుచువానికి ఆ పేరిచ్చినది. మరి రెండునెలలు ముందుగా రైలుటిక్కెట్లు కొనుక్కొని, వచ్చు తిథియు పోవు తిథియు ఉత్తరమున వ్రాసి, పదిదినములుండుటకు వచ్చువానిని ఏమనవలెను? అతడు బంధువు. బంధమనగా కట్టు. కట్టునకు రెండు కొసలుండును. అతిథికి ధర్మము చేయవలసినవాడు గృహస్థు ఒక్కడే. బంధువు విషయమున ధర్మము ఇరువురిదియు. ఈ భేదము తెలియని యిండ్లలో చుట్టములు వచ్చిన మూడవనాటికి ఇల్లాలికి నడుము నొప్పియు, నాలుగవనాటికి ముఖమున మౌనమును కలుగుచుండును. చుట్టములు మాత్రము, ‘ఏమో, వదినగారు పూర్వమువలె లేరు’ అనుకొనుచు వెడలిపోవుదురు.

ఊరు చూపు సంబరములో అందరికంటె తక్కువ చూచునది ఆ యింటి ఇల్లాలే యనుట మన కుటుంబములలో పెద్ద లోపము. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, దద్ధ్యోదనము కట్టి, నీళ్ళసీసాలు నింపి, వాకిట నిలువబడి చేయి యూపునది ఆమె. సాయంకాలమునకు అలసి వచ్చినవారికి వేడినీళ్ళు కాచి యుంచునదియు ఆమెయే. అందుచేత మా యింట ఒక నియమమున్నది. కొండకు పోవునాడు పొయ్యి వెలిగింపరాదు. ముందునాటి సాయంకాలమే మగవారు కూర్చుండి చింతపండు పిసుకుదురు, పిల్లలు వేరుసెనగపప్పు పొట్టు తీయుదురు, వచ్చిన ఆడుపడుచులు అన్నము వార్తురు. ఉప్పు ఎక్కువైనను తక్కువైనను ఎవ్వరును నోరు మెదపరాదు. బండిలో మొదటి చోటు ఇల్లాలిది.

మొన్నటి వేసవిలో మా యింటికి బెజవాడనుండి మా అక్కగారును, హైదరాబాదునుండి మేనల్లుడును, అతని భార్యయు, ఇద్దరు పిల్లలును వచ్చిరి. అక్కగారికి డెబ్బదినాలుగేండ్లు, మోకాళ్ళు సహకరింపవు. పిల్లలకు తెలుగు వచ్చును గాని చదువుట రాదు. ఇట్టి పెద్దలకును పిన్నలకును ఒక్కచూపున నచ్చునట్లు యాత్ర కూర్చుట బడిలో కాలపట్టిక వ్రాయుటకంటె కష్టము.

మొదటిదినము విశ్రాంతి. రెండవదినము సింహాచలము. వరాహలక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడుగున చందనపు పూతలో నుండి, వైశాఖ శుద్ధ తదియనాడు, అనగా అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూపదర్శన మొసగును. ఆనాడు వృద్ధులను తీసికొనిపోవుట సాహసము. మేము జనము పలుచబడిన పిమ్మట మరియొకనాడు పోతిమి. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516వ సంవత్సరమున ఈ స్వామిని సేవించెనని పిల్లలకు చెప్పితిని. వారు రాయలకంటె గంగధార నీటిని ఎక్కువ మెచ్చుకొనిరి. అది సహజమే.

మూడవదినము సముద్రతీరము. అచ్చట ఇసుకమీద నిలిపియున్న కురుసుర అను జలాంతర్గామి 1969లో మన నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. మా మేనల్లుని కుమారుడు అందలి ఇరుకు పడకలు చూచి, ‘తాతగారూ, ఇన్ని నెలలు వీరు స్నానము ఎట్లు చేసిరి?’ అని యడిగెను. సముద్రగర్భమున నున్నవారికిని మంచినీళ్ళు కొలతమీదనే యుండునని అచ్చటివారు చెప్పిరి. ఆ సాయంకాలము భీమునిపట్టణము దారిలో తొట్లకొండ యెక్కితిమి. ఇది రెండువేల ఏండ్లనాటి బౌద్ధవిహారము. రాతిలో తొలిచిన తొట్ల వలననే కొండకు ఆ పేరు వచ్చినది. వానకాలమున భిక్షువులు తిరుగుట మాని ఒకచోట నిలుచుట బౌద్ధుల ఆచారము. ఊటలేని కొండమీద పడిన వాననీటిని తొట్లలో పట్టి యుంచుకొన్నగాని అంతమంది బ్రతుకజాలరు. నీరు లేనిచోట ఆతిథ్యము లేదు గదా!

ఇక కొండప్రయాణము. అరకులోయ విశాఖకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. వేయిమీటర్లు పైకి పోయినచో వేడిమి సుమారు ఆరు డిగ్రీలు తగ్గునని భూగోళశాస్త్రము చెప్పుచున్నది. ఆ ఆరు డిగ్రీలకొరకే మనమందరము అంతదూరము పరుగెత్తుచున్నాము. అక్కగారిని, మా యింటిదానిని, మేనకోడలిని కారులో పంపి, పిల్లలను తీసికొని నేనును మేనల్లుడును ఉదయము బయలుదేరు కిరండూలు రైలు ఎక్కితిమి. ఈ మార్గము విహారమునకై వేసినది కాదు. బైలదిల్లా గనుల ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి జపానునకు పంపుటకై 1960–70 మధ్య కొండలు తొలిచి వేసినది. దారిలో యాబదికి మించిన సొరంగములు. సొరంగము వచ్చినప్పుడెల్ల పెట్టెలోని పిల్లలందరును ఒక్కగొంతుతో కేకలు వేయుచుండిరి. 2017 నుండి ఈ మార్గమున అద్దాలపెట్టెయు నడచుచున్నది. మేము మాత్రము సామాన్యపు పెట్టెలోనే కిటికీకి ముఖము ఆనించి కూర్చుంటిమి. గాలి తగులుటకు అద్దము అడ్డు గదా!

బొఱ్ఱా గుహలు సుమారు 700 మీటర్ల ఎత్తున అనంతగిరి కొండలలో నున్నవి. కొండపై మేయుచున్న ఆవు పైకప్పు రంధ్రమునుండి లోనికి పడగా, వెదకుచు వచ్చిన కాపరి లోపల లింగాకారము చూచెననియు, అందువలన ఇచ్చటి నదికి గోస్థని యని పేరు వచ్చెననియు స్థలకథ. శాస్త్రకథయు దీనికి తీసిపోదు. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును త్రాగి కొంచెము పులుపెక్కును. ఆ పులుపు సున్నపురాతిని కరగించును. కరగిన సున్నముతో నీరు గుహకప్పునుండి బొట్టుబొట్టుగా కారునపుడు వాయువు విడిపోయి సున్నము అచ్చటనే నిలిచిపోవును. పైనుండి వ్రేలాడునది కొంత, క్రిందినుండి లేచునది కొంత. రెండును కలసిన స్తంభము. ఒక్క అంగుళము పెరుగుటకు సాధారణముగా వందలకొలది ఏండ్లు పట్టును. మన చేతిజిడ్డు సోకినచోట నీరు సరిగా అంటక పెరుగుట ఆగిపోవును. ఇది చెప్పినంతనే పాప తన రెండు చేతులును వెనుకకు కట్టుకొని నడచెను. పిల్లలకు ‘ముట్టకుము’ అని యాజ్ఞాపించుటకంటె ఏల ముట్టరాదో చెప్పుట మేలని నా వృత్తి నాకు నేర్పిన పాఠము.

అక్కగారు మెట్లు దిగలేదు. మా యింటిదానిని బలవంతముగా లోనికి పంపి, తాను గుహకు వెలుపల చెట్టునీడను ఒక కొండజాతి స్త్రీ దుకాణమువద్ద కూర్చుండిరి. మేము తిరిగి వచ్చుసరికి ఇద్దరును చిరకాల పరిచితులవలె మాటలాడుకొనుచుండిరి. అక్కగారు నన్ను చూచి, ‘తమ్ముడూ, ఈమె యూరిలో వేసవి వచ్చినచో ఊట యెండిపోవునట. బిందెతో కొండ దిగి నీళ్ళు తెచ్చుకొనుచున్నదట. తన త్రాగునీళ్ళలోనిదే నాకొక గ్లాసు ఇచ్చినది. డబ్బు ఇచ్చినను పుచ్చుకొనలేదు’ అనిరి. పిమ్మట, ‘ఈ నది ఎచ్చటికి పోవును?’ అని యడిగిరి.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటలో నాకు ఈ ప్రసంగమునకు విషయము దొరికినది. గోస్థని ఈ అనంతగిరి కొండలలో పుట్టి, గుహల క్రింద పారి, కటికి వద్ద జలపాతమై దూకి, మైదానమునకు దిగి, తాటిపూడి జలాశయమున నిలిచి, తుదకు భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియుచున్నది. ఆ తాటిపూడి నీరు విశాఖపట్టణమునకు త్రాగునీరుగా వచ్చుచున్నది. అనగా చుట్టములు గడప దాటినంతనే మా వంటి నగరవాసులు చేతికిచ్చు గ్లాసులోనికి ఈ కొండనీరు చేరుచున్నది. భోజనమునకు పరచు అడ్డాకుల విస్తరియు ఈ అడవులదే. పగటి నిద్ర తరువాత చుట్టములకిచ్చు కాఫీయు ఇచ్చటిదే. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. నీరు, ఆకు, కాఫీ తీసివేసినచో మన ఆతిథ్యమున మిగులునవి మాటలే. కావున విశాఖలో గృహస్థుడనైన నేను కొండమీద అతిథిని. నాకు తెలియకుండ అంతకుముందే పెక్కుమారులు వారి విస్తరిలో భుజించినవాడను.

గృహస్థు ఎవరో తెలిసినపిమ్మట అతిథి ధర్మము దానంతట తెలియును. అరకులో వెండిఓకు చెట్ల నీడను, మిరియపు తీగల నడుమ కాఫీతోటలు చూచితిమి. వేసవి తొలివానలకు మల్లెలవంటి తెల్లని పూలు పూచి, అవి రాలి పచ్చని పిందెలు పడియున్నవి. పండ్లు కోయుట శీతకాలమున. గిరిజన ప్రదర్శనశాలలో వారి పనిముట్లు, వేట, ధింసా నృత్యము బొమ్మలుగా నున్నవి. సంతలో అల్లము, పసుపు, పనస, చింతపండు, తేనె అమ్మకమునకు వచ్చినవి. ఒక్క మాట మనవి. పట్టణమున చల్లని పెద్ద దుకాణములో కాగితము చూపిన వెల నోరెత్తక ఇచ్చు మనము, తలమీద గంపతో మైళ్ళకొలది నడచి వచ్చిన స్త్రీవద్ద ఐదురూపాయలకు బేరమాడుట అతిథికి తగినపని కాదు. అడుగక సెల్‌ఫోనుతో ఆమె ఫొటో తీయుటయు తగదు. చైత్రమున ఇటుకల పండుగనాళ్ళలో పోవువారికి ఒక అనుభవము కలుగును. ఊరి స్త్రీలు దారికి అడ్డముగా కఱ్ఱ పెట్టి పండుగ మామూలు అడుగుదురు. విసుగుకొనక ఇచ్చి నవ్వి పోవలెను. ఒకరి గడప దాటునపుడు ఆ యింటి ఆచారము పాటింపవద్దా?

ఈ భూమి వారిదే యనుట నా ఔదార్యము కాదు, న్యాయస్థానపు మాట. ఈ అనంతగిరి మండలపు గనుల కౌళ్ళనుగూర్చిన ‘సమత’ వ్యాజ్యములో 1997లో సుప్రీముకోర్టు, షెడ్యూలు ప్రాంతములలోని ప్రభుత్వభూములను గిరిజనేతరులకు గనులకై కౌలుకిచ్చుట చెల్లదని తీర్పు చెప్పినది. 2022 నుండి ఈ మన్నెము పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా యైనది. పిల్లలకు ఈ పేరు చెప్పి, అడవిలో కట్టెకొట్టుకొను హక్కును పోగొట్టుకొన్నవారి పక్షమున 1922లో ఆయన లేచెనని ఒకటి రెండు మాటలలో తెలిపితిని. కొండను చూచి కథ వినకున్న, విస్తరి చూచి భోజనము చేయకున్నట్లే.

తిరుగు ప్రయాణమున మాదొక చిన్న ఏర్పాటు. వెళ్ళునపుడు భోజనము మోసిన సంచియే వచ్చునపుడు మన చెత్తను మోయవలెను. ప్లాస్టికు సీసాలు, పొట్లపు కాగితములు, పండ్ల తొక్కలు – అన్నియు లెక్కపెట్టి సంచిలో వేయు పని బాలునిది. గోస్థని యొడ్డున పారవేసిన సీసా ఏదో యొకనాడు తాటిపూడికి చేరునని వాడు అర్థము చేసికొనెను. ఇంటికి వచ్చిన పిమ్మట వంటింటి కుళాయి కట్టకుండ పోయిన పెద్దలను వాడు మందలించుట మాకందరకును వినోదమైనది. కుళాయిని మాత్రము కట్టివేసితిమి.

శ్రోతలారా! ఈ వేసవిని మీ యింటికి చుట్టములు వత్తురు గాక, మీరును చుట్టములై పోవుదురు గాక. పోయినచోట ఒక పని పట్టుకొనుడు. వచ్చినవారికి ఒక పని అప్పగింపుడు. ఇల్లాలిని ఇంట విడిచి ఊరు చూడబోకుడు. కొండ యెక్కునపుడు గొంతు తగ్గించుకొనుడు. అక్కగారు ఊరికి పోవునాడు మా యింటిది పసుపు కుంకుమ పెట్టి చీర ఇచ్చెను. ఆమె ఆ చీరతోబాటు సంతలో కొన్న అడ్డాకుల కట్టనొకదానిని పెట్టెలో అడుగున సర్దుకొని, ‘బెజవాడలో వడ్డించునపుడు ఇవి ఎచ్చటివో చెప్పెదను’ అనిరి.