కొరియా కథలు - కొలువు మర్యాదలు

మా పొరుగింట రాత్రి భోజనములు ముగిసిన వెంటనే కొరియా దేశము ప్రత్యక్షమవుతుంది. తిరుపతిలో కొర్లగుంట ప్రాంతపు సామాన్య కుటుంబము అది. తల్లి, కుమారుడు, కుమార్తె. కుమారుడు శ్రీసిటీలో ఒక కర్మాగారమునకు వెళ్లి వస్తాడు; మొదటి షిఫ్టు పడిన వారములో కంపెనీ బస్సు కొరకు కోడి కూయక ముందే లేస్తాడు. కుమార్తె డిగ్రీ తుది సంవత్సరము చదువుతున్నది. ఆ అమ్మాయి తన ఫోనును టెలివిజనుకు కలిపి కథ పెట్టగానే ముగ్గురును చాప మీద చేరుతారు. ఇటీవల ఒకనాటి రాత్రి నేనును ఆ చాప మీద కూర్చొనవలసి వచ్చినది. ఆనాడు అక్కడ విన్న మాటలే ఈ ప్రసంగమునకు మూలము.

ఆనాటి కథ 2018లో కొరియా టెలివిజనులో వచ్చిన ధారావాహిక. దాని పేరును తెలుగులో చెప్పవలెనంటే 'కిమ్ కార్యదర్శి ఎందుకిట్లు చేస్తున్నది?' అనవచ్చును. నాయకుడు ఒక పెద్ద వ్యాపార సంస్థకు ఉపాధ్యక్షుడు. ధనవంతుడు, అందగాడు, తన అందము మీద తనకే అపారమైన మోజు గలవాడు. అతని వద్ద ఒక యువతి తొమ్మిది సంవత్సరములుగా కార్యదర్శిగా పని చేస్తున్నది. అతని మెడపట్టీ సరిచేయుట మొదలు విందులకు ఏర్పాట్లు చేయుట వరకు అన్నియు ఆమెయే. అట్టి యువతి ఒకనాడు ఉద్యోగము మానుకొంటానని చెప్పుతుంది. అప్పటికి గాని ఆ దొరగారికి ఆమె విలువ తెలియదు. విలువ తెలిసిన పిదప ప్రేమ పుడుతుంది.

"ఎంత బాగా చూసుకుంటా ఉండాడో చూడమ్మా! ఇట్లాంటి ఆఫీసులో ఉద్యోగమొస్తే ఎంత బాగుంటుంది!" అన్నది కుమార్తె.

"ఆఫీసంటే అట్లుంటుందా పాపా? మా లైనులో నీళ్లు తాగను పోవాలన్నా మన చోట ఇంకొకరు నిలబడాల" అని అన్నగారు నవ్వినాడు.

తల్లి అంతవరకు మాటలాడలేదు. వక్కాకు నములుతూ ఒక్క ప్రశ్న వేసినది. "అదంతా సరే. ఆ పిల్ల ఈ తొమ్మిదేండ్లు ఏ పొద్దుకు ఇంటికి పోయింది? కూడు ఎప్పుడు తినింది? అది చెప్పండి ముందు."

బిడ్డలిద్దరును జవాబు చెప్పలేకపోయినారు. చమత్కారమేమనగా, ఆ కథకు మొదలు ఈ ప్రశ్నలోనే ఉన్నది. తండ్రి చేసిన అప్పులు తీర్చుటకు, అక్కల చదువులకు సాయపడుటకు ఆమె ఆ కొలువులో చేరినది. బరువులు తీరిన నాడు వెనుకకు తిరిగి చూచుకొంటే తనకంటూ గడిపిన దినము ఒక్కటియు లేదు. అందుచేతనే రాజీనామా. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో ఇంటి అప్పు కొరకు, తమ్ముని ఫీజు కొరకు పనిలో చేరిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వారికి ఈ భాగము పరదేశపు కథ కాదు. అయితే ప్రేమ ప్రవేశించగానే కథ ఆ ప్రశ్నను మెల్లగా ప్రక్కకు నెట్టివేస్తుంది. యజమాని మనసు కరిగినది గనుక సమస్య తీరినదన్నట్లు మనమును నిట్టూర్చి నిద్రకు లేస్తాము.

ఇది వినోదము గదా, ఇంత విచారణ దేనికని మీరు అడుగవచ్చును. కొరియా మనకు తెరమీద మాత్రమే కనిపించే దేశమైతే అడుగనక్కరలేదు. కాని అది మన ఊరి పొలిమేరకు వచ్చినది. 2017 ఏప్రిల్‌లో కియా మోటార్స్ సంస్థ మన ప్రభుత్వముతో ఒప్పందము చేసుకొని అనంతపురము సీమలోని పెనుకొండ వద్ద, ఎర్రమంచి గ్రామపు నేలలో, ఏటికి మూడు లక్షల కార్లు తయారు చేయగల కర్మాగారము నిర్మించినది. 2019 నుండి అక్కడ కార్లు తయారవుతున్నవి. విజయనగర రాజులు విడిది చేసిన పెనుకొండలో ఇప్పుడు కొరియా లిపిలో వ్రాసిన పేరుపలకలు కనిపిస్తున్నవి. 2025 మే నెలలో ఎల్.జి. ఎలక్ట్రానిక్స్ సంస్థ శ్రీసిటీలో సుమారు 5,000 కోట్ల రూపాయల పెట్టుబడితో కర్మాగారమునకు శంకుస్థాపన జరిపినది. ఎల్లకు ఆవల తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు హ్యుందాయ్, శామ్‌సంగ్ కర్మాగారములకు నెలవు. ఈనాడు కథ చూస్తున్న అమ్మాయి రేపు కొరియా అధికారి ఎదుట నిలువవచ్చును. కనుక ఆ దేశపు కొలువు మర్యాదలు కొంత తెలిసికొనుట అవసరము.

కొరియా కార్యాలయములో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుట సంప్రదాయము కాదు. ఇంటిపేరు చెప్పి, దానికి హోదా చేర్చి, చివర 'నిమ్' అని గౌరవముగా ముగిస్తారు. విభాగాధికారి 'క్వాజాంగ్‌నిమ్', శాఖాధిపతి 'పూజాంగ్‌నిమ్'. ఆ 'నిమ్' మన 'గారు' వంటిదే. మనము నీవు, మీరు అని తేడా చూపినట్లు వారు క్రియలోనే మర్యాద చూపుతారు. ఎదుటివాని వయస్సు, హోదా తెలియనిదే వాక్యము పూర్తి చేయుట కష్టము. పెద్దలకు ఏ వస్తువు ఇచ్చినను రెండు చేతులతో ఇస్తారు. తల్లిని 'ఓమ్మా' అని, తండ్రిని 'అప్పా' అని పిలుస్తారు. అరవము కలిసిన మన చిత్తూరు సీమలో ఈ పిలుపు విని ముచ్చటపడనివారు ఉండరు. భాషలకు చుట్టరికము లేకపోయినను చెవికి చుట్టరికము తోస్తుంది.

ఒక్కచోట మాత్రము ఆ తల్లికి చిక్కు వచ్చినది. నాయిక తన ప్రియుని 'ఓప్పా' అంటుంది. దానికి అర్థము 'అన్నా' అని కుమార్తె చెప్పగానే తల్లి చెవులు మూసుకొన్నది. బావను, మేనమామను పెండ్లాడుట ఎరిగిన సీమ ఇది. కాని ప్రియుని అన్నా అనుట ఎక్కడి చోద్యము! వారి భాషలో అది వయస్సులో పెద్దవాడని తెలిపే చనువు మాట మాత్రమేనని సర్దిచెప్పుటకు కొంత సేపు పట్టినది.

కొరియావారు 'నున్చి' అని ఒక గుణమును చెప్పుతారు. ఎదుటివారు నోరు విప్పక ముందే వారి మనసు గ్రహించి మసలుకొనుట అది. మన భాషలో ఇంగితము అంటే సరిపోవును. ఇంగితజ్ఞుడు ఎక్కడైనను రాణిస్తాడు. అందులో తప్పు లేదు. కాని కార్యాలయములో ఈ సుగుణము ఒక్కొక్కప్పుడు సంకెల అవుతుంది. పై అధికారి లేవనిదే క్రింది ఉద్యోగి లేవరాదు. పని ముగిసినను, గడియారము ఎంత కొట్టినను, ఆయన కుర్చీ కదలవలెను. నోటితో ఎవరును ఆజ్ఞాపించరు. ఇంగితముచేతనే అందరును కూర్చొని ఉంటారు.

మరియొకటి 'హ్వేసిక్', అనగా పని ముగిసిన పిదప ఉద్యోగులందరును కలిసి చేసే విందు. కథలలో ఈ దృశ్యము తరచుగా వస్తుంది. పొయ్యి మీద మాంసము కాలుతుంటుంది, చిన్న గ్లాసులలో 'సోజు' అను మద్యము పోస్తుంటారు. చిన్నవారు రెండు చేతులతో పోసి, తాము త్రాగునప్పుడు పెద్దల ఎదుట ముఖము ప్రక్కకు త్రిప్పుకొంటారు. చూచుటకు సరదాగా ఉంటుంది. కాని వెళ్లను అనుటకు స్వేచ్ఛ లేని విందు, విందు కాదు, అదియు పనియే. 2018లోనే వచ్చిన మరియొక ప్రేమకథ ఈ సంగతిని దాచలేదు. 'చక్కగా అన్నము పెట్టించే అందమైన అక్క' అని దాని కొరియా పేరునకు అర్థము. కాఫీ దుకాణములు నడిపే సంస్థలో పనిచేసే ముప్పది యేండ్లు దాటిన యువతి దాని నాయిక. ఇట్టి విందులలో మగ అధికారులు హద్దు మీరుతుంటే ఆమె చాలకాలము నవ్వి సహించినది. ఒకనాడు సహించుట మానినది. దానికి ప్రతిఫలముగా ఆమెకు దక్కినది కోరని చోటికి బదిలీ. ప్రేమ ఎంత మధురముగా చూపినారో, ఈ చేదును అంత స్పష్టముగా చూపినారు. ఆ కథను మెచ్చుకొనవలసినది ఇందుకే.

అధికారము చేత ఉన్నవాడు లేనివానిని అవమానించుటకు కొరియాలో 'కాప్‌జిల్' అని ఒక మాటయే పుట్టినది. ఒక దురాచారమునకు ప్రజలు పేరు పెట్టినారంటే దానిని గుర్తించినారని అర్థము. గుర్తించిన పిదప చట్టము వచ్చినది. 2019 జూలై 16 నుండి పనిచోట వేధింపును నిషేధించే నిబంధనలు అక్కడ అమలులోనికి వచ్చినవి. ఫిర్యాదు వస్తే యజమాని విచారణ జరుపవలెను. ఫిర్యాదు చేసినవారికి కీడు చేయరాదు.

పనిగంటల సంగతియు ఇట్టిదే. 1953లో యుద్ధము ఆగిన నాటికి శిథిలమైన దేశమది. రాత్రింబవళ్లు శ్రమించి పైకి వచ్చినారు. ఆ శ్రమను మనము గౌరవించవలెను. కాని అలవాటు అవసరమును మించి నిలిచిపోయినది. 2022లో కొరియా శ్రామికుడు ఏటికి సగటున సుమారు 1,900 గంటలు పని చేసినాడు. సంపన్న దేశముల కూటమి సగటు దాదాపు 1,750 గంటలు. 2018 జూలై నుండి వారమునకు పని 52 గంటలు మించరాదని, అనగా 40 గంటలు పని, 12 గంటలు అదనపు పని అని, మొదట పెద్ద సంస్థలలోను, క్రమముగా చిన్న సంస్థలలోను నిబంధన పెట్టినారు. 2023 మార్చిలో ఒక వారములో 69 గంటల వరకు పనిచేయించుటకు వీలు కల్పించే ప్రతిపాదన రాగా, యువతీయువకులు తీవ్రముగా నిరసించినారు. ప్రభుత్వము దానిని పునరాలోచనకు వెనుకకు తీసికొనవలసి వచ్చినది.

ఇక్కడ మీ దృష్టిని ఒక విషయము మీదకు మరల్చుతున్నాను. కొరియా కార్యాలయములలో వచ్చిన మార్పు ఏ అందగాడైన ఉపాధ్యక్షుని హృదయము కరుగుట వలన రాలేదు. కథలో కరుగవచ్చును; కరుగనిదే కథ నడువదు. జీవితములో మాత్రము పనిచేసేవారు అడిగినారు, పదిమంది వారితో గొంతు కలిపినారు, పిదప చట్టము కదలినది. 2024 జూన్‌లో శామ్‌సంగ్ ఎలక్ట్రానిక్స్ ఉద్యోగ సంఘము కొరియాలోనే ఆ సంస్థ చరిత్రలో మొదటిసారిగా సమ్మె చేసినది. అదే సంవత్సరము సెప్టెంబరులో మనకు కూతవేటు దూరమనదగిన శ్రీపెరుంబుదూరులో శామ్‌సంగ్ కార్మికులు తమ సంఘమునకు గుర్తింపు కావలెనని 37 దినములు సమ్మె జరిపినారు. సముద్రములకు అటు ఇటు ఉన్న ఈ రెండు బృందములవారు ఒకరి భాష ఒకరు ఎరుగరు. అడిగినది మాత్రము దాదాపు ఒకటే: మా మాట వినుటకు ఒక మార్గము ఉండవలెనని.

మన ఇంటి సంగతియు చూచుకొనవలెను. పరదేశపు యజమాని కఠినుడు, మనవాడు దయామయుడు అనుకొనుట పొరపాటు. పై అధికారి లేచేవరకు కూర్చొనే గుమాస్తాలు, ఆడపిల్ల రాత్రి పొద్దుపోయేవరకు నిలిచితే అదే క్రమశిక్షణ అనే యజమానులు మన ఊళ్లలోను ఉన్నారు. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గము కర్మాగారములలో దినమునకు పని గరిష్ఠ పరిమితిని 9 నుండి 10 గంటలకు పెంచుటకు ఆమోదము తెలిపినది. పరిశ్రమలు రావలెనంటే ఇది అవసరమని కొందరు, శరీరమునకు హద్దు ఉన్నదని కొందరు వాదిస్తున్నారు. ఏ పక్షము వారైనను, శ్రీసిటీకి వెళ్లి వచ్చే యువకుని దినములో బస్సు ప్రయాణపు గంటలు కూడ కలిపి లెక్క వేయవలెనని మనవి. ఆ గంటలు జీతములో కనబడవు, నిద్రలో కనబడుతవి.

కాబట్టి కొరియా కథలు చూడవద్దని నేను చెప్పబోవుట లేదు. చూడవలెను. వీలైతే ఆ భాషయు నేర్చుకొనవలెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము పాఠశాలలలో నేర్పదగిన విదేశీ భాషలలో కొరియా భాషను కూడ పేర్కొన్నది. రెండు చేతులతో ఇచ్చుట, హోదానెరిగి పలుకుట నేర్చుకొంటే నష్టము లేదు. అవి మన పెద్దలు నేర్పిన మర్యాదలకు దూరమైనవి కావు. దానితో పాటు నియామక పత్రము చదువుట, అదనపు గంటలకు ఎంత ఇస్తారో అడుగుట, స్త్రీల వేధింపుల విచారణకు 2013 చట్టము ప్రకారము ఉండవలసిన సంఘము ఆ సంస్థలో ఉన్నదో లేదో తెలిసికొనుట కూడ నేర్చుకొనవలెను. అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. యజమాని అంతకంటె ముందు పెట్టునని ఏ కథను చూచి నమ్మగలము?

ఆ రాత్రి కథ ముగిసిన పిదప అన్నగారు పడుకొనుటకు లేచినాడు; తెల్లవారుజామున బస్సు ఉన్నది. చెల్లెలు రెండవ భాగము పెట్టబోయి ఆగి, "నువ్వు రేపు ఎన్ని గంటలకు వస్తావన్నా?" అని అడిగినది. అన్ని దినములు ఒకే ఇంట ఉండి, ఆ ప్రశ్న ఆమె అడుగుట అదే మొదటిసారి అని తల్లి నాతో తరువాత చెప్పినది.