ఎత్తుల పటంలో గోదావరి

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల సంగతి కార్యదర్శి గారు చెప్పేశారు గనుక నేను వేరే విషయం ఎత్తుకుంటాను.

నేను ఇంజనీరును కాను. లెవెల్ పుస్తకాల్లోని అంకెలకు ముప్పయ్యేళ్లపాటు ఫెయిర్ కాపీలు రాసిన గుమాస్తాను. ఆ అంకెల్లో నది చరిత్ర ఉంటుందని అప్పట్లో తోచలేదు. మొన్న సంక్రాంతికి మనవడు కంప్యూటరులో కోనసీమ ఎత్తుల పటం చూపించాక తెలిసింది.

2000 ఫిబ్రవరిలో అమెరికా వారి ఎండీవర్ నౌక పదకొండు రోజులపాటు అంతరిక్షం నుంచి రాడారుతో భూమి ఎత్తులు కొలిచింది. సుమారు 30 మీటర్ల గడికొక అంకె చొప్పున ఆ లెక్క ఇప్పుడు ఉచితంగా దొరుకుతోంది. మనవాడు మెరకకు ఎరుపు, పల్లానికి నీలం వేశాడు.

ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠల వెంబడి ఎర్రటి చారలు కనిపించాయి. వరద ఒడ్డు పొర్లగానే నీటి వేగం తగ్గుతుంది. ముతక ఇసుక అక్కడే దిగిపోతుంది, సన్నని ఒండ్రు దూరం పోతుంది. అలా నది తన ఒడ్డును తానే ఎత్తు చేసుకుంటుంది. దారి మార్చుకున్నా ఆ మెరక మిగిలే ఉంటుంది. అందుచేత నేడు నీరు లేని చోట జంట మెరకలు వంకర తిరుగుతూ కనిపిస్తే, అక్కడ ఒకనాడు పాయ పారిందేమోనని వెతకవచ్చు. తీరానికి సమాంతరంగా లోపల ఉన్న ఇసుక దిబ్బల వరుసలు సముద్రం ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేదో చెబుతాయి.

ఇక అసలు సంగతి. మనవడు ఇంటి స్థలం కోసం ఒక కొబ్బరి తోట చూశాడు. పటంలో ఎర్రగానే ఉంది. "మెరకే తాతయ్యా, వరద రాదు" అన్నాడు. నాకు 1986 ఆగస్టు గుర్తొచ్చింది. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన ఆ వరదలో మేము పిల్లలతో రెండు రాత్రులు బడి డాబా మీద గడిపాం. మా ఇంటి చుట్టూ కూడా కొబ్బరిచెట్లే మరి!

తెలిసిన సర్వేయరును బతిమాలి లెవెల్ మిషను పెట్టించాను. తోట రోడ్డు కంటే మూడడుగులు పల్లం అని తేలింది. ఆ రాడారు తరంగం దట్టమైన తోటలో పూర్తిగా నేలదాకా దిగదు, చాలావరకు మట్టల్లోంచే తిరిగిపోతుంది. అలా చెట్ల ఎత్తు నేల ఎత్తులో కలిసిపోయింది. పైగా ఆ లెక్కలో కొన్ని మీటర్ల తేడా మామూలే. కొండ ప్రాంతంలో అదొక లెక్క కాదు గాని, మన లంకల్లో మూడడుగులంటే ఇంట్లో పొయ్యి మునగడం, మునగకపోవడం.

పటం దండగ అనను. నది నడక చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. చెట్ల ఎత్తు తీసివేసి సరిచేసిన పటాలూ వచ్చాయట. మనవడు మాత్రం ఇంకా బయానా ఇవ్వలేదు.

1986లో నీరు మీ గోడ మీద ఎంతవరకు వచ్చిందో గుర్తున్నవారు ఊరి పేరు, ఎత్తు కాగితం మీద రాసి ఈ సభ అయ్యేలోగా నాకివ్వండి. అన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కిస్తాను, ఫెయిర్ కాపీ నాదే. సెలవు.