అడవిని చూచుట, అడవిని చెప్పుట



భద్రాచల రాముని దర్శించుకొన్న యాత్రికులలో కొందరు పాల్వంచ చేరువనున్న కిన్నెరసాని జలాశయమునకు పోవుదురు. దానిని చుట్టియున్న అడవి 1977లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. వైశాల్యము సుమారు 635 చదరపు కిలోమీటర్లు. వచ్చినవారు మొదట అడుగునది ఒక్కటే: “పులి కనబడునా?” గైడు అని మనము పిలుచు మార్గదర్శికి పరీక్ష అక్కడనే ఆరంభమగును. పులిని చూపుట అతని చేతిలో లేదు. పులి కనబడని పూట అడవిలో చూడదగినదేమో చెప్పగలుగుటయే అతని విద్య.

ఆ విద్యలో శిక్షణ తరగతులు నేర్పగలిగినది కొంతయే. తక్కినది ఇప్పచెట్టు క్రింద నేర్వవలసినది. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపువ్వు రాత్రి నుండి తెల్లవారువరకు రాలును. కోయలు చీకటితోనే ఏరుకొన బయలుదేరుదురు. ఆ పువ్వు కొరకే ఎలుగుబంటియు వచ్చును. తమకంటె ముందెవరు వచ్చిరో నేలను చూచి గ్రహింపలేనివారికి ప్రాణాపాయము. కనుక కోయబిడ్డలకు జాడ చదువుట ఏనాడును వినోదము కాలేదు.

ఆ చదువు ఎంత సూక్ష్మమైనదో చూడుడు. చిరుత నడచునపుడు గోళ్ళను లోనికి ముడుచుకొనును గనుక దాని అడుగులో గోటిగుర్తు పడదు. రేచుకుక్క అడుగులో పడును. ఎలుగు పుట్టను త్రవ్వి, మూతి ఆనించి చెదలను పీల్చును. దాని పై పలువరుసలో నడిమి రెండు పండ్లు లేకుండుట ఈ పనికి అనుకూలము. ఆ పీల్పు చప్పుడు నూరు గజముల దూరమునకును వినవచ్చును. కొండగొర్రె మాటిమాటికి ఒకే తావున పెంటికలు వేయును. ఆ కుప్పను ఎరిగినవాడు జంతువును చూడకయే దాని సంచారమును చెప్పగలడు. కొండముచ్చులు రాల్చిన ఆకులను, కాయలను దుప్పులు క్రింద నుండి మేయును. చెట్టుపైనున్నది కంటితో చిరుతను పట్టును, నేలనున్నది వాసనతో పట్టును. ఒకటి అరచిన రెండవది మేలుకొనును.

చూచిన దానిని చెప్పుటలోనే చిక్కు. గట్టుపై మొసలి నోరు తెరచి పడియుండగా, మీద పడబోవుచున్నదని చెప్పిన పిల్లలు కేరింతలు కొట్టుదురు. అది ఒంటి వేడిమిని సరిచేసికొనుచున్నదని చెప్పిన ఆ కేరింత ఉండకపోవచ్చును, గాని చూపు నిలుచును. “ఈ తెల్లవారుజామున ఎలుగు ఇక్కడ త్రవ్వినది” అనుటకు తడియారని మన్ను సాక్ష్యము. “ఇప్పుడు ఆ పొదలోనే ఉన్నది” అనుటకు సాక్ష్యము లేదు. ఈ భేదము చిన్నది కాదు. ఒడిశాలో సరోజ్ రాజ్ చౌధురి 1966లో రూపొందించిన పద్ధతిని అనుసరించి దేశమంతట అడుగుజాడలతోనే పులులను లెక్కించిరి. రాజస్థానములోని సరిస్కాలో లెక్కలయందు పులులు ఉండగనే, 2005 నాటికి అడవిలో ఒక్కటియు లేదని తేలెను. అటుపిమ్మట స్వయంచాలక కెమెరాలు వచ్చెను. జాడ అబద్ధమాడలేదు; జాడ చెప్పినదానికంటె మనుష్యులు ఎక్కువ చెప్పిరి.

అట్లని కథ కూడదని కాదు. కోయలలో డోలివారు పడిగె అను బొమ్మల బట్టను ఎదుట నుంచుకొని వంశగాథలు గానము చేయుదురు. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు సమ్మక్క సారలమ్మల గాథను కోయభాషలోను తెలుగులోను పాడిన డోలి కళాకారులు. 2022లో పద్మశ్రీ పొంది 2024లో కీర్తిశేషులైరి. డోలివానికి పడిగె యెట్లో మార్గదర్శికి బాట అట్లు. విశ్వనాథవారి కిన్నెరసాని పాటలలో నీరైపోయిన ఇల్లాలి కథను వాగు ఒడ్డున చెప్పవచ్చును, చెప్పవలెను కూడ. కాని దానిని కథగానే చెప్పవలెను.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట నిషిద్ధమైనది. అది మేలే. అయితే వేటవెంట నడచిన చూపునకు ఇప్పుడు నెలవు తక్కువ. పిల్లలు వసతి గృహములలో చదువుచున్నారు. తాతల వెంట అడవి తిరుగు దినములు సెలవులకే పరిమితము. నల్లమలలో అమ్రాబాదు అడవులయందు అటవీశాఖ చెంచులను కావలి పనులకు నియోగించినది. ఈ ప్రాంతమున మార్గదర్శులను కోయగూడెముల నుండి ఎన్నుకొనక, ఎవరో వ్రాసిన నాలుగు పుటలను వల్లెవేయువారిని నిలుపుట చేతిలోని ధాన్యమును పారబోసికొనుట వంటిది.

గ్రంథాలయములు ఇందు చేయగల పని కలదు. బల్లపై ఒక రూళ్ళ పుస్తకము ఉంచి, అడవినుండి వచ్చినవారిచేత తేదీ, తావు, జంతువు పేరు తెలుగులోను కోయలోను వ్రాయింపవచ్చును. వ్రాత రానివారు చెప్పగా చదువుకొన్న పిల్లలు వ్రాయవచ్చును. ప్రక్కన మూడు గడులు చాలును: కన్నది, విన్నది, ఊహించినది.