సదస్సుకు వెళ్ళవలసిన మన ఆడపిల్లలు
(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగం)





"ఆపా, ఉర్దూలో మాట్లాడండి" అన్నారు కార్యదర్శి గారు. నేను ఈ పాతబస్తీకి కోడలిగా వచ్చినదాన్ని. పుట్టింది నల్గొండ జిల్లాలో, చదివింది తెలుగు మీడియంలో, ముప్పై ఏళ్ళుగా బడిలో చెబుతున్నదీ తెలుగే. నా ఉర్దూ మా అత్తగారి వంటగదిలో నేర్చుకున్నది. అక్కడ సరిపోతుంది, మైకు ముందు తడబడుతుంది. కాబట్టి తెలుగులోనే మాట్లాడతాను, మన్నించండి.

ఆడపిల్లలకు చదువు ఎందుకు అని ఈ వేదిక మీద ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. నేను చెప్పను. మీరు ఆ మాట ఒప్పుకున్నారు కనుకే ఫీజులు కడుతున్నారు. మీరు కట్టిన ఫీజుతో పదో తరగతి దాటి, ఇంటర్ దాటి, డిగ్రీ, ఎం.ఏ. దాకా వెళ్ళిన పిల్లలు ఇప్పుడు మన గల్లీల్లో ఉన్నారు. వాళ్ళకు వచ్చిన ఒక కొత్త అవసరం గురించి చెప్పడానికి వచ్చాను.

విశ్వవిద్యాలయాల్లో మహిళా అధ్యయనాలు అనే శాఖ ఒకటి ఉంటుంది. ఆడవాళ్ళ పని, చదువు, ఆరోగ్యం, ఆస్తి, చరిత్ర, వీటిని పరిశోధించే శాఖ. మన దేశంలో స్త్రీల స్థితిగతులపై ప్రభుత్వం వేసిన కమిటీ 1974లో నివేదిక ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళు దాటినా ఆడవాళ్ళ పరిస్థితి అనుకున్నంత మారలేదని అందులో తేలింది. ఆ తర్వాత 1981లో బొంబాయిలో మొదటి జాతీయ సదస్సు, 1982లో అఖిల భారత సంఘం వచ్చాయి. ఆ సంఘం సదస్సు 1988లో వాల్తేరులో, 2000లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. అప్పటికే నేను టీచర్ని. ఊళ్ళో అంత పెద్ద సభ జరుగుతుంటే ఆ సంగతి నా చెవిన పడలేదు. మూసీకి అవతల జరిగేది ఇవతలికి చేరడానికి చాలా కాలం పడుతుంది.

ఆ సదస్సుల్లో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ప్రొఫెసర్లు, విద్యార్థులు నెలల ముందే తమ పరిశోధన సారాంశం ఒక పేజీలో రాసి పంపుతారు. ఎంపికైతే పిలుపు వస్తుంది. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి, వెళ్ళి, పదిహేను నిమిషాల్లో చెప్పాలి. తర్వాత ప్రశ్నలు. వినడానికి చిన్న తతంగమే. కానీ ఎవరి గురించి ఏది నిజమని పుస్తకాల్లోకి ఎక్కుతుందో, అందులో చాలా భాగం ఆ గదుల్లోనే మొదలవుతుంది.

కొన్నేళ్ళ క్రితం అలాంటి సదస్సుకు నేను తోడుగా వెళ్ళాను. నా పాత విద్యార్థిని ఎం.ఏ. చదువుతోంది. "టీచర్ వస్తే పంపిస్తాం" అన్నారు వాళ్ళ అబ్బా. సరే అని సెలవు పెట్టాను. ఆ అమ్మాయి వినడానికే వచ్చింది, చెప్పడానికి కాదు. ఒక సెషన్‌లో ఎవరో పాతబస్తీ గాజుల పనివాళ్ళ మీద పత్రం చదివారు. మంచి పత్రమే, కష్టపడి రాశారు. ఆడవాళ్ళు ఇంట్లోనే ఉండి ఈ పని చేయడానికి కారణం పర్దా అని తేల్చారు.

మా అమ్మాయి చెయ్యెత్తింది. నాకు గుండె దడ. వాళ్ళ అమ్మీ లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజులు చేస్తుంది. లక్కను నిప్పు మీద మెత్తబరచి, సాగదీసి, కొలతకు చుట్టి, ఆ వేడి ఆరకముందే నగీనాలు ఒక్కొక్కటే అద్దాలి. వేళ్ళకు ఆ వేడి తగులుతూనే ఉంటుంది. కూలీ జోడీ లెక్కన. అమ్మాయి అన్నది ఇంతే: "మేడమ్, మా అమ్మీ రోజూ బురఖా వేసుకుని మదీనా దాకా నడిచి వెళ్ళి సరుకు తెస్తుంది, ఇచ్చి వస్తుంది. పర్దా ఆమెను ఆపలేదు. ఇంట్లో చేస్తే గది కిరాయి, కరెంటు, బొగ్గు మా నెత్తిన పడతాయి. కారఖానాలో చేయిస్తే యజమాని పెట్టుకోవాలి. అందుకే ఇంటికి ఇస్తారు."

గది నిశ్శబ్దమైపోయింది. అధ్యక్షత వహిస్తున్న ప్రొఫెసర్ గారు "ఈ మాట ఎక్కడ అచ్చయింది?" అని అడిగారు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగారు. అమ్మాయి దగ్గర జవాబు లేదు. "అయితే నువ్వే రాయి, వచ్చే సదస్సుకు తీసుకురా" అన్నారావిడ.

అమ్మాయి రాసింది. ఏడాదంతా సాయంత్రాలు పక్కింటి ఖాలాల దగ్గర కూర్చుని కూలీ లెక్కలు, బొగ్గు ఖర్చు, పని గంటలు నోటుబుక్కులో ఎక్కించుకుంది. సారాంశం ఎంపికైంది. సదస్సు వేరే రాష్ట్రంలో. రైలు టికెట్టు, రిజిస్ట్రేషన్, బస కలిపి ఏడు వేల రూపాయల లోపు. ఒక సహాయ నిధికి దరఖాస్తు పెట్టించాను. ఫారంలో ఫీజు, పుస్తకాలు, యూనిఫాం అని గడులు ఉన్నాయి. సదస్సు అనే గడి లేదు. "ఇది చదువు కిందకు రాదు కదా ఆపా" అన్నారు. వాళ్ళను తప్పుపట్టను. నేనూ అప్పుడు గట్టిగా అడగలేదు. "పోనీలే, వచ్చే ఏడు చూద్దాం" అని ఆ పిల్లకు చెప్పినదాన్ని నేనే.

కార్యక్రమ పత్రికలో ఆమె పేరు అచ్చయింది, పత్రం శీర్షికతో సహా. ఆ గదిలో పేరు చదివారట, ఎవరూ లేవకపోతే తర్వాతి వారిని పిలిచారట. ఆ పత్రిక ఆమె దగ్గర ఇప్పటికీ ఉంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లన్నీ రాశాయి. ఆ రోజు నాకు గుర్తొచ్చింది ఆమె నోటుబుక్కు.

ఇక్కడ కొందరి మనసులో ఒక మాట ఉందని నాకు తెలుసు. ఆడపిల్లలను ఊరు దాటించి సభలకు పంపడం మన ఇళ్ళల్లో ఉందా అని. ఉంది. చాలా పాత అలవాటు. సుగ్రా హుమాయూన్ మీర్జా గారు నూరేళ్ళ కిందటే ఈ నగరంలో ఆడవాళ్ళ కోసం పత్రిక నడిపారు, దేశాలు తిరిగారు, ఆడపిల్లల కోసం ఆమె పెట్టిన సఫ్దరియా బడి హుమాయూన్ నగర్‌లో ఉంది. మాసూమా బేగం గారి సంగతి మరీ మనది. 1952 ఎన్నికల్లో ఆమె గెలిచింది శాలిబండ నుంచి, 1957లో పత్తర్‌గట్టీ నుంచి. ఈ గల్లీల ఓట్లతోనే. తర్వాత సంజీవయ్య గారి ప్రభుత్వంలో మంత్రి అయ్యారు, అఖిల భారత మహిళా మహాసభకు అధ్యక్షురాలయ్యారు. ఆ మహాసభ 1927లో పుణేలో మొదట కలిసింది ఆడపిల్లల చదువు గురించి మాట్లాడడానికే. అంటే మహిళా సదస్సులో కుర్చీ పాతబస్తీకి కొత్త కాదు. ఒకప్పుడు ఆ సభ నడిపించే కుర్చీలోనే మన ప్రతినిధి కూర్చున్నారు. ఆవిడ నవాబుల ఇంటి బిడ్డ, మా పిల్లలు గాజుల పనివాళ్ళ బిడ్డలు, అదీ తేడా. ఆ తేడాను పూడ్చడానికే కదా మీలాంటి దాతలు ఉన్నది.

రాసేవాళ్ళు వచ్చి అడిగితే తప్ప మనవాళ్ళ మాట మిగలదని కూడా చూశాం. హైదరాబాద్‌లో అన్వేషి అనే మహిళా అధ్యయన కేంద్రం 1985లో మొదలైంది. స్త్రీశక్తి సంఘటన వారు ఆ రోజుల్లోనే తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ మాటలు విని 'మనకు తెలియని మన చరిత్ర' వేశారు. అలా అడిగిన వాళ్ళలో మన జమాలున్నిసా బాజీ గారూ ఉన్నారు. ఆవిడ నూరేళ్ళకు పైగా బతికారు. ఎవరూ వెళ్ళి అడగని బాజీలు మన గల్లీల్లో ఎంతమంది మట్టిలో కలిసిపోయారో. ఇప్పుడు అడగగల పిల్లలు మన ఇళ్ళల్లోనే తయారయ్యారు. ఖాలా మాట్లాడే దఖ్ఖనీ వాళ్ళకు అర్థం చేయించనక్కర్లేదు.

భయాల సంగతి. తోడు లేకుండా పంపమని నేను అడగడం లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళాలి, ఒక టీచరు వెంట ఉండాలి, బస క్యాంపస్ ఆడపిల్లల హాస్టల్లోనే. నేనింకా నడవగలను, సెలవులూ మిగిలి ఉన్నాయి. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా అంటే అది ఉలమాలు చెప్పాలి, నాకు అంత తెలివి లేదు. అందుకే సదఖా, ఇమ్దాద్ నిధి నుంచి అడుగుతున్నాను. ఏటా ఐదుగురు పిల్లలు చాలు. మన ఫారంలో ఒక గడి పెరగాలి, అంతే. వెళ్ళి వచ్చిన పిల్ల తన పత్రం ఇక్కడ, ఈ హాల్లో, మీ ముందు ఉర్దూలోనో తెలుగులోనో చదివి వినిపించాలని షరతు పెట్టండి. అది నాకూ ఇష్టం. మన గురించి ఏం రాశారో మనం వినాలి కదా, తప్పుంటే దిద్దాలి కదా.

గాజుల అమ్మాయి ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో చెబుతోంది. నోటుబుక్కు పారేయలేదు. ఈసారి మళ్ళీ సారాంశం రాసి నాకు చూపించింది. ఇంకొక అమ్మాయిది బార్కస్. గల్ఫ్‌లో భర్తలున్న ఇళ్ళల్లో నెల ఖర్చు లెక్క ఎవరి చేతిలో ఉంటుంది అని రాస్తోంది. పంపడానికి గడువు ఈ నెలాఖరు.

ఇద్దరూ మూడో వరుసలో, స్తంభం పక్కన కూర్చున్నారు. సభ అయ్యాక లోపల చాయ్ ఉంది. వాళ్ళను పిలిచి, ఏం రాశారో అడగండి.

ఖుదా హాఫిజ్.